మిద్దెమీద విన్న కథ



మాఘమాసము వచ్చినదన్న మా గుంటూరు సీమ యిండ్లలో నొక్కటే పని, ఒక్కటే ఘాటు. ఏడాదికి సరిపడు మిరపకాయలు కొని, చాపలమీద నెండబోసి, తొడిమలు తీసి, కారము కొట్టించి జాడీల కెత్తుకొనుట మీలో ననేకులకు దెలిసినదే. ఈ యేడును మా వసారాలో నెఱ్ఱని రాశి పడినది. దాని కొకవైపున మా యత్తగారును, రెండవవైపున నామె పుట్టినూరి యవ్వ యొకతెయు గూర్చుండి నాలుగు దినములు తొడిమలు తీసిరి. ఇరువురకును డెబ్బదియైదేండ్లు దాటినవి. మూడవనాటి మధ్యాహ్నము వారి నడుమ నొక తగవు పుట్టినది. అది కాయధరను గూర్చియు గాదు, కోడండ్రను గూర్చియు గాదు. అఱువదియేండ్ల క్రిందట నొక రాత్రి వారి యూర జరిగిన నాజరుగారి బుర్రకథను గూర్చి. ఈ మాసము నేను వ్రాయబోవునది యా తగవే.

వారి యూరు చిలకలూరిపేటకును బర్చూరునకును నడుమ నల్లరేగడి పొలములలో నున్న చిన్న పల్లె. ప్రత్తితీతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బు లాడు దినములలో ఊరివారు చందాలు వేసికొని నాజరుగారి దళమును బిలిపించిరట. రామాలయము ముందఱి బయలున బల్లలు వేసి, పెట్రోమాక్సు దీపములు కట్టి, మైకు పెట్టిరట. చుట్టుప్రక్కల యూళ్లవారు బండ్లు కట్టుకొని వచ్చిరట.

మా యత్తగారి కప్పుడు పదుమూడేండ్లు. పెద్దమనిషియై యాఱు మాసములైనది. ఈడేరిన పిల్ల రాత్రివేళ బయలున గూర్చుండరాదని తండ్రిగారు పోనీయలేదు. అన్నదమ్ములు ముందుగనే పోయి చోటు పట్టుకొనిరి. ఈమెయు దల్లియు మిద్దె యెక్కి, పిట్టగోడ నానుకొని, తెల్లవాఱుదాక వినిరి. రామాలయము మూడు వీధుల యవతల నున్నది. దీపముల వెలుగు వేపచెట్ల కొనలమీద గనబడినదే కాని మనుష్యులు కనబడలేదు.

అవ్వ కా యడ్డంకులు లేవు. ఆమె కూలివారి పిల్ల. తండ్రి దీపములకు గాలికొట్టు పనిలో నుండుటచే నామె బల్లల కానుకొని, ముందుగా నేలమీద గూర్చుండి చూచినది.

తగవు మొదలైన విధ మిది.

“ఆ రాత్రి నాజరుగారి గజ్జె మాటమాటకు ఘల్లుమని మా మిద్దెదాక వినబడినది” అని యత్తగారనిరి.

“గజ్జెలు కట్టిన మాట నిజమే గానీ, అమ్మాయిగారూ, ఆ ఘల్లుమనేది గజ్జె కాదు. చేతి అందె. బొటనవేలి కొకటి పెట్టుకుని ఇంకోదానితో కొడతాడు” అని యవ్వ యన్నది. పుట్టినూరివారికి మా యత్తగారు నేటికిని అమ్మాయిగారే.

“విన్నది నేను గదే! చెవులు నావి కావా?”

“చూసింది నేను గదండీ! కళ్లు నావి కావా?”

ఇరువురును జేతిలోని కాయలు క్రింద బెట్టిరి. నాకు మొదట నవ్వు వచ్చినది.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పుకొనవలెను. మా నాన్నగారు నన్నింటనే కూర్చుండబెట్టి భారతమును, మనుచరిత్రమును, వసుచరిత్రమును జెప్పినారు. ఆ చదువువలన గలిగిన మేలు చాల గలదు. దానితోపాటు కొంత గర్వమును గలిగినది. బుర్రకథ యనిన నదియేదో పామరుల వినోదమని నాకొక చిన్నచూపుండెడిది. పల్నాటి వీరుల కథను శ్రీనాథుని ద్విపదలో జదివిన నాకు దానిని తంబురమీద వినవలసిన పని యేమని తలచెడిదానను. ఆ మధ్యాహ్నము వారిరువురి మాటలు విని యా తలంపునకు సిగ్గుపడితిని.

బుర్రకథలో మువ్వురుందురు. నడుమ నుండు కథకుడు భుజమున దంబుర వేసికొని, అందెలు మ్రోగించుచు, అడుగులు వేయుచు గథ చెప్పును. ఆ తంబుర బుర్రను బట్టియే కథకు బేరు వచ్చినదందురు. ఇరుప్రక్కల నుండు వంతపాటగాండ్రు గుమ్మెటలు వాయించుచు దందాన పలుకుదురు. వారిలో నొకడు హాస్యము చెప్పును. రెండవవాడు లోకపు తీరును, నాటి రాజకీయమును దడవి కథను నేటికి ముడివేయును. పూర్వము జంగములు చెప్పుచుండిన కథలు దీనికి మూలము.

షేక్ నాజరుగారు మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920వ సంవత్సరమున బుట్టిరి. వారిది దూదేకులవారి కుటుంబము. ప్రత్తి పండించు మన సీమలో దూది నేకి పరుపులు కుట్టు వారిని జులకనగా బిలుచు పేరు పింజారి. ఆయన తన జీవితకథకు బెట్టుకొన్న పేరదియే. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యగారి యొద్ద సంగీత మభ్యసించిరి. 1943లో నేర్పడిన ప్రజానాట్యమండలిలో జేరి, యానాటి బెంగాలు కరవును గూర్చియు, అల్లూరి సీతారామరాజును గూర్చియు, పల్నాటి యుద్ధమును, బొబ్బిలి యుద్ధమును గూర్చియు నూరూర గథలు చెప్పిరి. 1986లో బద్మశ్రీ బిరుదము వచ్చినది. 1997లో గన్నుమూసిరి. బుర్రకథా పితామహుడని యిప్పటికిని లోకము వారిని జెప్పుకొనుచున్నది.

ఆ రాత్రి చెప్పినది పల్నాటి యుద్ధము. అవ్వకు జ్ఞాపకమున్నది యంతయు గంటితో జూచినది. కథకుడు తలపాగా సవరించుకొన్న విధము. నాగమ్మ మాట చెప్పునపుడు కనుబొమ యెత్తి, బ్రహ్మనాయుని మాట చెప్పునపుడు మెడ నిటారుగా నిలిపిన విధము. యుద్ధము చెప్పునపుడు చెమటకు జొక్కా వీపున కంటుకొనుట. హాస్యగాడు ఊరి కరణము నడక నడచి చూపగా ముందు వరుసలో నున్న కరణమే కడుపు పట్టుకొని నవ్వుట. “నిలబడి ఒక్కడే గదమ్మా, మా కళ్లకు మాత్రం పదిమంది కనపడ్డారు” అని చెప్పినది.

అత్తగారికి జ్ఞాపకమున్నది యంతయు జెవితో విన్నది. గొంతు పైస్థాయి నెత్తి యెత్తి, యొక్కపెట్టున బట్టి యాపినపు డూరంతయు నూపిరి బిగబట్టిన నిశ్శబ్దము. గుమ్మెటలు రెండును గలిసి మ్రోగుచు, అంతకంతకు దొందరపడి, మరల విడివడిన తీరు. తందాన వినినంతనే వేయిమంది వేసిన కేక. గాలి తూర్పున కుండగా మాట మాటయు దెలిసినదట. గాలి తిరిగినపుడు కథ సగము పోయినదట. పోయిన చోట నెల్లను దల్లి చెవిలో మెల్లగా బూర్తిచేసినదట. ఆ తల్లికి బల్నాటి కథ తన తల్లివలన వచ్చినది. మాంచాల భర్తను యుద్ధమునకు సాగనంపు ఘట్టము రాగా గాలి నిలిచినది. మాట స్పష్టముగా వినబడుచున్నను దల్లియు నా మాటలనే తోడుగా బలికి, తుదకు గొంగుతో మొగము తుడుచుకొన్నదట. “మా అమ్మ కంటనీరు పెట్టగా నేను జూచినది యా యొక్క రాత్రియే” యని యత్తగారు చెప్పిరి. పందిటిలో నున్నవారి కీ జ్ఞాపక మెచ్చటనుండి వచ్చును?

సోదరీమణులారా, నేను పుస్తకమున జదివినది కథ. వారిరువురు చెప్పినది యొక రాత్రి. కథ పుస్తకమున నెప్పటికిని నుండును. ఆ రాత్రి మాత్రము విన్నవారిలో, చూచినవారిలో దక్క మఱెచ్చటను లేదు. ఒకరికి రూపము దక్కినది, ఒకరికి నాదము దక్కినది. రెండును గూర్చిననే నాకు నాజరుగారు గోచరించిరి.

సాయంకాలము మావారు బడినుండి వచ్చి యీ తగవు విని, తమ సెల్‌ఫోనులో 1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రమునందలి నాజరుగారి బుర్రకథను దీసి చూపిరి. అది సీతారామరాజు కథ. అవ్వ ఫోను ముఖమునకు దగ్గఱగా బెట్టుకొని, “ఈయనే, ఈయనే!” యని సంతోషపడినది. కొంతసేపటికి, “మరి జనమేరీ? మేము కేకేస్తే ఆయన అదే మాటను ఇంకో వరసలో పాడేవాడు. దీంట్లో ఎవరు కేకేస్తారు?” అన్నది. అత్తగారు ఫోను వంక జూడనే లేదు. కన్నులు మూసికొని వినుచుండిరి.

“చూడరేమి, అత్తయ్యగారూ? అఱువదియేండ్లనుండి చూడని మొగము గదా!” యంటిని.

“విననిమ్మా” యనిరి.

ఆ మాటతో నాకు నవ్వు పోయినది. ఊరందఱు చూచినదానిని జూడనీయని లోటు నామె యెన్నడును బయటికి జెప్పలేదు. విన్నదానినే నిధిగా దాచుకొన్నది. ఆ దశాబ్దములలోనే మోటూరు ఉదయముగారి వంటి స్త్రీలు తామే దళముగట్టి, తంబుర భుజమున వేసికొని, వేలమంది యెదుట గథలు చెప్పిన సంగతి నేను చదివియున్నాను. స్త్రీలు కథ చెప్పుట 1940 దశకముననే జరిగినది. ఆ తరువాత నిరువదియేండ్లకును మా యత్తగారింటి పిల్లకు గథ చూచుట జరుగలేదు. తండ్రిగారు కఠినులు కారు. నలుగురు నడచిన దారిని నడచిన గృహస్థులు. అయినను లోటు లోటే.

ఆ మాసాంతముననే శివరాత్రి వచ్చినది. మా శివాలయమున జాగరణ కొక బుర్రకథ యేర్పాటైనదని తెలిసినది. మా పిల్లకు బండ్రెండేండ్లు. గడచిన శ్రావణమున బెద్దమనిషియైనది. తానును వచ్చెదనని పట్టుపట్టినది. నిజము చెప్పుచున్నాను, వలదన్నదానను నేనే. పరీక్షలని, మంచని, జనమని కారణములు చెప్పితిని. ఏ కారణమును జెప్పక మనసులో నున్న కారణమేదో మీకు దెలియును. అత్తగారు పిల్ల విషయమున నా మాట కడ్డువచ్చువారు కారు. ఆ సాయంకాలము మాత్రము దీపము వెలిగించి వచ్చి, “దానిని దీసికొనిపొమ్ము. నేనును వచ్చెదను. ముందు వరుసలో గూర్చుందము” అనిరి.

ముగ్గురమును బోతిమి. అత్తగారికి మోకాళ్ల నొప్పి యగుటచే గుర్చీ వేయించితిమి. జనము నూఱుమందికంటె నెక్కువ లేరు. గుమ్మెటలతోపాటు తీగలపెట్టె యొకటి ప్రక్కన మ్రోగుచు గొన్నిచోట్ల మాట వినబడనీయలేదు. నాజరుగారి దళముతో బోల్చుటకు నేనెవ్వతెను? కాని నడుమ నిలిచిన కథకురాలు ముప్పదియేండ్ల స్త్రీ. గొంతు ఖంగుమన్నది. వంతలు తందాన యనగానే మా పిల్ల లేచి చప్పట్లు కొట్టినది. కథకురాలు దానివంక జూచి నవ్వి, యా చరణమునే మరల నెత్తుకొన్నది. అవ్వ చెప్పిన మాట యప్పుడు నాకు దెలిసినది.

అత్తగారు మాత్రము కథకురాలి మొగమును గాని యడుగులను గాని చూచుట లేదు. ఆమె చేతినే చూచుచుండిరి. బొటనవ్రేలి యందె మఱియొక యందెకు దగిలినప్పుడెల్ల దాము కూర్చున్నచోటనే తలయూపుచుండిరి. ఇంటికి వచ్చునపుడు రిక్షాలో నొక్కమాటయు మాటాడలేదు. ఇంటి గడపయెక్కుచు, “అందెయేనమ్మా. ఇన్నేండ్లు గజ్జె యనుకొంటిని” అనిరి.

మఱునాడు మిగిలిన కాయ తొడిమలు తీయుట కవ్వ వచ్చినది. అత్తగారు ముందుగనే, “నీ మాటే నిజమే. అందెయే” యని చెప్పివేసిరి. అవ్వ కొంచెము సేపు తొడిమ తీసి, “గజ్జె కూడా ఉందిలెండి, అమ్మాయిగారూ. మీ మిద్దె మీదికి ఏది వినపడిందో మాకేం తెలుసు!” అన్నది. ఇరువురును నవ్విరి. వారి నవ్వుతో నాకు దుమ్ము వచ్చినది. కారపు ఘాటని సర్దుకొంటిని.

వారిరువురు చెప్పిన దంతయు మావారి బడి నోటుపుస్తకమొకటి తెచ్చి, ఎడమపుటలో నత్తగారి మాటలను, కుడిపుటలో నవ్వ మాటలను వ్రాసియుంచితిని. రెండు పుటలకును బొత్తు కుదరనిచోట్ల దిద్దలేదు.

మీ యిండ్లలోను బెద్దవారుందురు. నాజరుగారినో, సురభివారి నాటకమునో, స్థానము నరసింహారావుగారి సత్యభామనో, ఊరి హరికథనో చూచినవారు గాని విన్నవారు గాని యుందురు. పనిపాటల నడుమ నొక మధ్యాహ్నము వారిచెంత గూర్చుండుడు. ఏ కథ, ఎవరు పాడిరి యనుటతో నాపకుడు. “మీరెచ్చట గూర్చుండి వింటిరి?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు మగవారు బల్ల దగ్గఱ ననియు, మన తల్లులు తలుపుచాటున ననియు, మిద్దెమీద ననియు జెప్పుదురు. అదియు వ్రాసికొనుడు. పిమ్మట మీ పిల్లలను బిలిచి, ఈసారి యెచ్చట గూర్చుండవలెనో చూపుడు.

మా కారము కొట్టించుట ముగిసినది. పైన జానెడు నూనెగుడ్డ కప్పి జాడీలకు వాసెన కట్టితిమి. వచ్చు మాసము చింతపండు నిలువను గూర్చి వ్రాసెదను.