ద్రోణుడి రెండు కుండలు

ఏకలవ్యుడి బొటనవేలు కథ మన వాడల్లో అందరికీ తెలుసు. ఆ ద్రోణుడిదే ఇంకో కథ ఉంది. అదీ మహాభారతం ఆదిపర్వంలోదే. దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. శిష్యుల్ని నీళ్లకు పంపేటప్పుడు ద్రోణుడు అందరికీ సన్న మూతి కమండలాలు ఇచ్చేవాడు. కొడుకు అశ్వత్థామకు మాత్రం వెడల్పు మూతి కుండ. వాడి కుండ తొందరగా నిండుతుంది, వాడు ముందే తిరిగొస్తాడు. మిగతావాళ్లు వచ్చేలోపు ఆ గురువు కొడుక్కి నాలుగు విద్యలు ఎక్కువ నేర్పేవాడు.

పరాయి పిల్లగాడి వేలు అడిగిందీ, సొంత కొడుక్కి పెద్ద మూతి కుండ ఇచ్చిందీ ఒకే చెయ్యి. ఆయన పేరు మీదే 1985 నుంచి కేంద్ర ప్రభుత్వం కోచ్‌లకు అవార్డు ఇస్తోంది. ఆ సంగతి అట్లా ఉంచుదాం. మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మన వాడలో పిల్లలకు ఆట నేర్పే తండ్రి చేతిలో ఎన్ని రకాల కుండలున్నాయి?

తండ్రి అని ఎందుకంటున్నానంటే, మన దగ్గర కోచ్ అంటే తండ్రే. కాకుంటే అన్నో, మేనమామో. డ్రిల్లు మాస్టారు లేని బళ్లే మన పిల్లల వంతు. పొద్దుగూకే వేళ కూలి నుంచి వచ్చినవాడే కాలితో గీత గీసి చెడుగుడు ఆడిస్తున్నాడు. ఇది చిన్న పని కాదు. క్రీడా పాఠశాల సీటు నుంచి ఉద్యోగంలో క్రీడల కోటా దాకా పోయే దారి అక్కడే మొదలవుతుంది.

"మాకేం తెలుసు నేర్పడానికి?" అనేవాళ్లు పల్వంకర్ బాలూను గుర్తు చేసుకోవాలి. తోలుపని చేసే కులంలో పుట్టినవాడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో జీతానికి చేరి నేల చదును చేశాడు, వలలు కట్టాడు, దొరలకు గంటల తరబడి బంతులు వేశాడు. బ్యాటు మాత్రం దొరలదే. హిందువుల జట్టులోకి తీసుకున్నాక కూడా పూనాలో ఆయనకు టీ బయటే, విడిగా మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండు పోయి ఆ ఒక్క పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అయినా జట్టుకు ఆయన్ని కెప్టెన్‌గా నియమించలేదు. కానీ ఆ ఇంట్లోంచి తమ్ముళ్లు శివరామ్, గణపత్, విఠల్ ముగ్గురూ పెద్ద పోటీలు ఆడారు. అన్నకు ఇవ్వని కెప్టెన్సీ 1923లో విఠల్‌కు ఇవ్వక తప్పలేదు. ఒక ఇంట్లో ఒకడికి పట్టుబడ్డ ఆట ఇంటికంతా దారి చూపింది. మన పని ఆ దారిని ఇంటి గడప దాటించి వాడంతా పరవడం.

అక్కడే మనవాళ్లు తడబడుతున్నారు. సొంత బిడ్డకు నేర్పే తండ్రి రెండు రకాలుగా చెడతాడు.

ఒకటి, ముద్దు. కూతకు ముందు మనవాడే పోవాలి. క్రికెట్ అయితే బ్యాటు మనవాడికి, ఎండలో బంతి ఏరడం పక్కింటి పిల్లగాడికి. ఆడపిల్ల ఉంటే లెక్క రాయడానికి. బాలూ చేత బంతులు వేయించుకున్న దొరలు చేసింది కూడా ఇదే గదా? ఊరి జట్టులో మనోళ్లను గట్టు మీద కూచోబెడితే మనకు మండుతుంది. మరి వాడలో తండ్రి లేని పిల్లగాణ్ణి మనమే గట్టు మీద కూచోబెడితే? వాడి తరఫున అడగడానికి ఆ గ్రౌండులో ఎవరూ లేరు. ఇంకా ఘోరం, సెలక్షన్ల కబురు దాచడం. కబురు చెవిన పడగానే చప్పుడు లేకుండా తన కొడుకును ఒక్కణ్ణే బస్సెక్కిస్తాడు. పెద్ద మూతి కుండ అంటే అదే.

రెండోది, కోపం. తాను కాలేనిది కొడుకు కావాలి. ఒక్క కూత పోతే అందరి ముందు చెంప మీద దెబ్బ. ఇంటికొచ్చాక అన్నం ముందు మళ్లీ అదే పంచాయితీ. పక్కింటివాడు అదే తప్పు చేస్తే "పర్లేదురా, మళ్లీ పో" అంటాడు. అట్లా పెరిగిన పిల్లగాడు మీసాలు రాకముందే గ్రౌండు మొహం చూడడం మానేస్తాడు. మనల్ని తిట్టి పని చేయించుకున్న దొర గొంతు మన నోట్లోకి ఎట్లా వచ్చింది?

అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. జట్టు ఎంపిక నేర్పినవాడు ఒక్కడే చెయ్యొద్దు. ముగ్గురు కూచోవాలి, అందులో ఒక తల్లి ఉండాలి. తన బిడ్డ పేరు వచ్చినప్పుడు అతను లేచి పక్కకు పోవాలి. కూత వంతుల వరస సుద్దతో బండ మీద రాసిపెట్టాలి. ఆడపిల్లలకూ కోర్టు గీయాలి. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లకు 10, ఆడవాళ్లది 12కు 8. ఒక తాడు, కాస్త ముగ్గు ఉంటే చాలు. హకీంపేట క్రీడా పాఠశాల 4వ తరగతి ఎంపికల్లో చూసేది 800 మీటర్ల పరుగు, నిలబడ్డ చోటి నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం లాంటివే. మన పిల్లలకు ఇవి రానివి కావు. ఆ ఈడు పిల్లలందర్నీ తీసుకుపోండి.

ఎక్కడ ఆగాలో కూడా తండ్రికి తెలియాలి. నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు మొదట పరుగు నేర్పింది తండ్రి జమీలే. బిడ్డ బాక్సింగ్‌లోకి పోయాక కోచ్‌లకు అప్పజెప్పి తాను వెనక నిలబడ్డాడు. ఆమె 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. వరంగల్ దగ్గర కల్లెడలో కూలి చేసుకునేవాళ్ల బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె పరుగును గుర్తించిన కోచ్ నాగపురి రమేశ్‌కు ఆమె సొంత బిడ్డ కాదు. పరాయి బిడ్డ కాళ్లలో పరుగు చూడగలిగిన కన్ను అది. అట్లాంటి కన్ను పడక కూలికి పోతున్న పిల్లలు మన వాడల్లో ఎంతమందో!

అన్నలారా, అక్కలారా, మీ పిల్లలకు తప్పక నేర్పండి. మనకు వేరే గురువు రాడు. కానీ రేపు సాయంత్రం ఒక పని చెయ్యండి. మీవాడు ఎన్నిసార్లు కూతకు పోయాడో, గట్టు మీది పిల్లగాడు ఎన్నిసార్లు పోయాడో లెక్క పెట్టండి. మీ చేతిలో ఉన్నది ఏ కుండో ఆ లెక్కే చెబుతుంది.