జీపు ఎవరిది? ఆల్విన్ ఎవరిది?

ఉట్నూరు పఠనమందిరమున సాయంకాలము జరుగు వాదములలో నొకటి యిటీవల మిక్కిలి ముదిరినది. ఫలానా కారు స్వదేశిది, దానిని కొనుట దేశభక్తి. ఫలానా కారు విదేశిది, దానిని కొనుట ద్రోహమని ఒక పక్షమువారు బల్ల గ్రుద్ది చెప్పుచున్నారు. వారి దేశాభిమానమును మేము శంకింపము. వారు చూపు సాక్ష్యమును శంకించుచున్నాము. బండి నొసట నంటించిన రేకుబిళ్లను చూచి జాతి నిర్ణయించుట, దావా చదువక వాది పేరు చూచి తీర్పు చెప్పుట వంటిది.

జైనూరునకు పోవలెనన్నను, కేస్లాపూరు నాగోబా జాతరకు పోవలెనన్నను ఈ యేజెన్సీ జనమునకు చిరకాలము దిక్కైన బండి జీపు. ఆ మాట తెలుగుమాటయే యైపోయినది. అది యే దేశపు బండి? రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సేనల కొరకు పుట్టినది. విల్లీస్ వారి చేతినుండి ఆ పేరు 1953లో కైజరు వారికి, 1970లో అమెరికన్ మోటార్సుకు, 1987లో క్రైస్లరుకు, 1998లో జర్మనుల డైమ్లరుకు, పిమ్మట ఇటలీ ఫియట్ వారికి, 2021లో స్టెల్లాంటిసుకు చేరినది. మన దేశమున దానిని బిగించి యమ్మిన సంస్థ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. విభజనానంతరము గులాం మహమ్మదుగారు పాకిస్తానునకు తొలి ఆర్థికమంత్రి కాగా, 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రా యైనది. స్వచ్ఛమైన జాతకము కోరువారు ఈ బండి జన్మకుండలి జోలికి పోకుండుట మేలు.

అంతటితో తీరలేదు. మహీంద్రావారి రాక్సరు బండి తమ జీపు రూపమును పోలియున్నదని 2018లో అమెరికాలో ఫియట్ క్రైస్లరు వారు ఫిర్యాదు చేసిరి. 2020లో అచటి అంతర్జాతీయ వాణిజ్య సంఘము దానిని అంగీకరించినది. ముఖభాగము మార్చుకొన్న పిదపనే మనవారికి అమ్ముకొన వీలైనది. అమెరికా సైనికుని బండి రూపమునకు హక్కుదారుగా నిలిచిన యా కంపెనీ యెవరిది? నెదర్లాండ్సులో నమోదై, లండనులో పన్ను నివాసము పెట్టుకొన్న ఇటలీ వంశపు సంస్థ!

అంబాసిడరు పేరును 2017లో ఫ్రెంచివారైన పెజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మినప్పుడు మా వాదప్రియ మిత్రులు జాతీయావమానమని వగచిరి. ఆ కారును చేయు ఉత్తరపారా కర్మాగారము అంతకు మూడేండ్ల క్రిందట, 2014 మే నెలలోనే, నిలిచిపోయినది. నిలిపినవారు విదేశీయులు కారు. 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము 38వ సెక్షను ప్రకారము వ్యాపారపు పరపతితో నిమిత్తము లేకుండనే పేరును బదిలీ చేయవచ్చును. చట్టమే వేరుచేయ వీలిచ్చిన పేరునకు దేశాత్మ నంటగట్టుట యెందులకు? మారుతిలో సుజుకివారు 2002లో అధికభాగస్వాములైరి. 2007లో మన ప్రభుత్వము మిగిలిన వాటాలను అమ్మి పూర్తిగా వెలుపలికి వచ్చినది. ఆ కార్లు మాత్రము ఇచటనే తయారగుచున్నవి. 2019 నుండి పెనుకొండయొద్ద తయారగు కియా కొరియావారిది. చేయు చేతులు మనవి.

అట్లయిన యాజమాన్య మెవరిదైన నేమి యని మే మనుచున్నామా? అనుట లేదు. ఆల్విన్ కథను చూడుడు. 1942లో హైదరాబాదున నెలకొని, పిమ్మట రాష్ట్రప్రభుత్వాధీనమై, బస్సులకు ఒడలు కట్టి, ఇంటింటికి రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారములు పంపిన సంస్థ యది. 1980లలో జపాను నిస్సాను సాయముతో జహీరాబాదున తేలికపాటి లారీలు చేసినది. 1989లో ఆ లారీల కంపెనీ మహీంద్రావారి వశమైనది. పిదప రిఫ్రిజిరేటర్ల శాఖ వోల్టాసుకు పోయినది. రేకుబిళ్ల లెక్కలో ఇది స్వదేశీ విజయమే: జపాను పేరు పోయి భారతీయుల పేరు వచ్చినది! జహీరాబాదు కర్మాగారము నేడును నడచుచున్నది, ట్రాక్టర్లు వెడలుచున్నవి, కూలి గిట్టుచున్నది, అందులకు సంతోషమే. కాని యే బండి చేయవలయునో, ఎప్పుడు మానవలయునో తేల్చు బల్ల హైదరాబాదునుండి బొంబాయికి పోయినది. సర్కారు సొత్తనగా ప్రజల సొత్తు. ఆ ప్రజలకు విక్రయపత్రమును చదివి వినిపించిన దెవరు?

ఆల్విన్ నష్టములలో మునిగినదని, సర్కారు నిర్వాహము అసమర్థమని బదులు చెప్పుదురు. కాదనము. కాని నష్టము వచ్చిన యిల్లు అమ్ముకొనువాడు సైతము వాకిటిలో నున్న కౌలుదారుని సంగతి దస్తావేజులో వ్రాయించును. మన పొరుగున కాగజ్‌నగరమున సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి 2018లో జేకే పేపరు వారి చేత తెరువబడువరకు కార్మికుల పొయ్యిలు ఎట్లు మండినవో ఈ జిల్లాలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. మూసినవారును తెరచినవారును స్వదేశీయులే.

కావున ప్రభుత్వము భూమి, విద్యుత్తు, పన్ను మినహాయింపు ఇచ్చి కారు కంపెనీలను ఆహ్వానించునప్పుడు, యజమాని మారిన యెడల కార్మికుల సంగతి యేమో, మూసిన యెడల భూమి యెవరిదో, ఏజెన్సీలో ఐటిఐ చదివిన గోండు బాలునకు పనిముట్టు పట్టుకొను చోటేగాక నమూనా గీయు గదిలో చోటు కలదో లేదో ఒప్పందములోనే వ్రాయవలయును. అట్టి యొప్పందముల ప్రతులు కోరుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుము చాలును. పఠనమందిరపు మిత్రులలో ఎవరేని ముందుకు వచ్చిరా, దరఖాస్తు మేము వ్రాసి యిచ్చెదము. వకీలు రుసుము పుచ్చుకొనము.