మీటలకు వెలుగు, అక్షరాలకు చీకటి



మనవడు పంపిన తీగలేని మెకానికల్ గేమింగ్ కీబోర్డు పెట్టె మొన్న విప్పాను. న్యాయంగా చెప్పాలి: ప్రతి మీటకూ విడి స్ప్రింగు, ముసలి వేళ్లకు హాయి. తొడుగులు ఊడదీసి మా పిడుగురాళ్ల సున్నపు దుమ్ము తుడుచుకోవచ్చు. మీటల కింద రంగురంగుల దీపాలు. అంత వెలుగులోనూ తెలుగక్షరం ఒక్కటీ కనబడలేదు!

తప్పు తయారీదారుదేనా? ఇన్‌స్క్రిప్టు అమరిక 1991 నాటి భారతీయ ప్రమాణంలోనే ఉంది, విండోస్‌లో ఉచితం. అచ్చులు ఎడమచేతికి, వర్గాక్షరాలు చాలావరకు కుడిచేతికి. నొక్కితే క, షిఫ్టుతో ఖ. త, షిఫ్టుతో థ. అల్పప్రాణ మహాప్రాణాల పాఠమే కదా ఇది! దాన్ని వదిలి, 'అమ్మ' అని రాయడానికి ఏ-ఎం-ఎం-ఏ అని నొక్కుతున్నది మనమే. అడిగేవారు లేని అక్షరాన్ని మీటపై అచ్చువేసేదెవరు?

లేఖిని మనకు దారి చూపింది. ఆ ఋణం మరువను. కానీ నడక వచ్చాక కూడా చేతికర్ర వదలకపోతే ఎట్లా?

తొడుగులపై అక్షరాలు రాసి అంటించుకున్నాను. ఈ టపా ఇన్‌స్క్రిప్టులోనే కొట్టాను. మూడు గంటలు పట్టింది. రేపు రెండున్నర పడుతుంది. మీరెప్పుడు మొదలుపెడతారు?