నడుము నొప్పికి మంచమే మందా?

నడుము పట్టిందని నా వద్దకు వచ్చే వృద్ధులను కుమారుడో కోడలో చెయ్యి పట్టుకొని తీసుకువస్తారు. "నెల రోజులుగా మంచం దిగనివ్వడం లేదండీ, అన్నీ అక్కడికే అందిస్తున్నాం" అంటారు. వారి ప్రేమను శంకించను. కాని ఆ సేవే రోగిని మరింత కుంగదీస్తున్నదని నా దృఢాభిప్రాయం.

వార్ధక్యంలో వాతం ప్రబలుతుందనీ, కటి వాతస్థానాలలో ఒకటనీ గురుకులంలో మేము వల్లె వేసిన పాఠమే. "వృద్ధులు వ్యాయామం విడువవలెనని వాగ్భటుడే చెప్పాడు కదా!" అని కొందరు ప్రశ్నిస్తారు. నిజమే, చెప్పాడు. అయితే అక్కడ వ్యాయామమనగా శరీరానికి ఆయాసం కలిగించే శ్రమ. నడక వేరు. దేహాన్ని మిక్కిలి బాధించని నడక ఆయువునూ, బలాన్నీ, జఠరాగ్నినీ ఇస్తుందని సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయం ప్రత్యేకంగా చెబుతున్నది. ఈ రెండింటినీ కలగలిపి పెద్దలను మంచానికి కట్టివేయడం శాస్త్రసమ్మతం కాదు.

ఆధునికులూ ఇదే నిర్ణయానికి వచ్చారు. 1986లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, 7 రోజులు పడుకోమన్న వారికంటే 2 రోజులే పడుకోమన్న వారు ముందుగా పనులలోకి వెళ్ళగలిగారు. ఇక నడుము పట్టీలంటే నాకు మొదటినుంచీ సదభిప్రాయం లేదు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా వాటిని సూచించవద్దన్నాయి.

నొప్పి తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు. పిమ్మట గోరువెచ్చని నువ్వులనూనె నడుముకు మృదువుగా పట్టించి, వావిలాకు కాచిన నీటిలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టండి. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారికి వేడిని మీ చేతితో చూసి మరీ పెట్టాలి. తరువాత ఇంటిలోనే పది నిమిషాలు నడిపించండి. నోటితో ఊపిరి తీయవలసి వస్తే ఆగాలి; అది సగం బలం ఖర్చయిందనడానికి గుర్తు. క్రమంగా వీధి చివరివరకు, ఆపైన కూరల కొట్టువరకు వెళ్ళనివ్వండి. నిండు బిందె ఎత్తనివ్వవద్దు గాని, మొక్కలకు చెంబుతో నీళ్ళు పోస్తామంటే అడ్డుపడకండి. ఇంటిలో తన పని అంటూ ఏదీ మిగలని మనిషికి లేచి నిలబడాలన్న కోరికే పోతుంది. ఇది నేను ఎన్నో ఇళ్ళలో చూశాను.

అయితే జారిపడిన తరువాత వచ్చిన నొప్పి, జ్వరంతోగాని బరువు తగ్గడంతోగాని కూడిన నొప్పి, కాలు బలహీనపడడం, తొడల మధ్య తిమ్మిరి, మలమూత్రాలపై పట్టు తప్పడం వంటివి కనిపిస్తే నూనెలు, కాపడాలు అంటూ కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.