ప్రతిభ అనే గొళ్ళెం - 5

"ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు మీకూ మెరిట్ డాక్టరే కావాలి కదా సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. కావాలి తమ్ముడూ. ఏ మెరిటో తేల్చుకుందాం.

ఏ బోధనాసుపత్రి యూరాలజీ వార్డుకైనా వెళ్ళు. ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఆగిపోయిన ముసలాయన, కిడ్నీలో రాయితో తాపీ మేస్త్రి. మంచానికో మూత్రం సంచీ. అది నేల మీద ఒలికితే తుడిచే కాంట్రాక్టు కార్మికుల కులం నేను చెప్పక్కర్లేదు. అక్కడి రిజర్వేషన్‌ను ఏ కోర్టూ కొట్టెయ్యలేదు!

అదే విభాగంలో పైమెట్టు చూడు. ఎంబీబీఎస్‌లో రిజర్వేషన్ ఉంది, ఎంఎస్‌లో ఉంది. ఆపైన మూడేళ్ళ ఎంసీహెచ్ దగ్గర తలుపు మూస్తారు. 1992 మండల్ తీర్పు సూపర్ స్పెషాలిటీల్లో రిజర్వేషన్ తగకపోవచ్చని ఒక మాట అంది. 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్నే గొళ్ళెంగా బిగించింది: ఇక్కడ మెరిట్ ఒక్కటే, వేరే ఏర్పాటు దేశ ప్రయోజనానికి విరుద్ధం.

మరి 2023లో నీట్ పీజీ కటాఫ్‌ని సున్నా పర్సంటైల్‌కి ఎందుకు దించారు? సీట్లు మిగిలాయని. ఖాళీ సీటు కోసం వంగిన మెరిట్ మన పిల్లల కోసం వంగదు. పైగా రిజర్వేషన్ ప్రవేశానికే, పాస్ మార్కుకి కాదు. పట్టా కావాలంటే అందరూ అదే పరీక్ష గట్టెక్కాలి.

నేను అలంకారశాస్త్రం చెప్పేవాణ్ణి. ప్రతిభ పుట్టుకతో వచ్చేదని దండి అన్నాడు. అది లేకపోయినా చదువూ శ్రమా ఉంటే సరస్వతి ఎంతో కొంత కరుణిస్తుందని వెంటనే అన్నదీ ఆయనే. మనవాళ్ళు మొదటి శ్లోకం దగ్గరే పుస్తకం మూసేశారు.

ఇక రోగి సంగతి. రాయి తీశాక కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం పెడతారు. వేళకు తీయకపోతే దాని మీదే రాళ్ళు పేరుకుంటాయి, కిడ్నీయే పోవచ్చు. ఇంగ్లీషు డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి పంపేస్తే, లోపల గొట్టం ఉందని తెలియని మనిషి కూలి మానుకుని ఎందుకు తిరిగొస్తాడు? పక్కన కూర్చుని అతని మాటల్లో చెప్పడానికి ఏ ప్రవేశ పరీక్షలో మార్కులున్నాయి? మన కులం డాక్టరైతే తప్పక చెబుతాడని నేను అనను. కానీ ఆ కూలీ ఇంటి నుంచి వచ్చినవాడు విభాగంలో ఒక్కడూ లేకపోతే, ఎందుకు చెప్పలేదని అడిగేవాడే ఉండడు.

వచ్చే భాగంలో ప్రొఫెసర్ పోస్టుల రోస్టర్ గురించి. జై భీమ్.