మోగినచోటల్లా తవ్వాలా?

తొలకరి వానలు రెండు పడితే చాలు, పాటిగడ్డల మీద పైమట్టి కొట్టుకుపోయి పెంకులు, పూసలు, ఎప్పుడైనా ఒక నాణెం బయటపడతాయి. ఉత్తర తెలంగాణలో పాత నాణేలు దొరికిన తీరు చాలాకాలం ఇదే. నాగలి చాల్లోనో వాన నీటి కోతలోనో తేలినవాటిని పసులు కాసే పిల్లలు, కలుపుకు పోయే ఆడవాళ్ళు ఏరేవారు. ఇప్పుడా పనికి యంత్రం వచ్చింది. చేత పట్టుకుని నేల మీద ఊపుతూ నడిచే మెటల్ డిటెక్టర్‌ను ఆన్‌లైన్ అంగట్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. కింద లోహం ఉంటే కుయ్‌మంటుంది. గోండు రాజుల కోట ఉన్న ఉట్నూర్‌లో, చుట్టూ ఎన్నో తరాలు మారిన గూడేల జాడలున్న ఆ అడవిపట్టున, అది ఎన్నిచోట్ల మోగుతుందో ఊహించుకోవచ్చు. మోగినచోటల్లా తవ్వడం ఎవరివల్లా కాదు. ఏది తవ్వాలి, ఏది వదలాలి అని ఎంచుకోక తప్పదు. ఆ ఎంపికను మనం యంత్రానికి వదిలేస్తున్నామేమోనన్న దిగులుతోనే ఈ నాలుగు మాటలు.

యంత్రం చేసే పని నిజానికి చిన్నది. దాని తీగచుట్ట నుంచి అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో సన్నని విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి స్పందనను మరో తీగచుట్ట పట్టుకుంటుంది. ఆ స్పందన ఎంత తడవుగా వచ్చిందన్నదాన్ని బట్టి అది ఏ లోహమో అంచనా కట్టి, తెర మీద ఒక అంకె చూపిస్తుంది, చెవిలో ఒక స్వరం వినిపిస్తుంది. ఇనుముది చిన్న అంకె, బొంగురు గొంతు. వెండికి, మందపాటి రాగికి పెద్ద అంకె, కీచు గొంతు. చిక్కంతా నడిమి అంకెల్లో ఉంది. సీసం ముక్క, పలుచని బంగారు ఉంగరం, అల్యూమినియం రేకు ముక్క, ఇవన్నీ దాదాపు ఒకే గొంతుతో పలుకుతాయి. సీసా మూత వెండినని నమ్మిస్తుంది. అందుకే చేయి తిరిగినవాళ్ళు ఒకసారి విని ఊరుకోరు. పక్కకు జరిగి అడ్డంగా మళ్ళీ ఊపుతారు. గుండ్రటి నాణెం ఏ వైపు నుంచి ఊపినా ఒకేలా మోగుతుంది. పాత మేకు ఒకవైపు మోగి, మరోవైపు తడబడుతుంది. పైగా ఆదిలాబాద్ నల్లరేగడిలో, ఎర్రచెల్కల్లో ఇనుప ఖనిజం కలిసి ఉంటుంది కనుక ఒక్కోసారి ఉత్త మట్టే మోగుతుంది. యంత్రాన్ని ముందు ఆ నేలకు సరిచేసుకుని గాని పని మొదలుపెట్టడానికి లేదు.

ఇంత కష్టపడేవారు సాధారణంగా చేసే మొదటి పని, ఇనుము మోత వినిపించకుండా మీట తిప్పేయడం. రెండోది, నడిమి అంకెలను చూసీ చూడనట్టు వదిలి పెద్ద అంకె కోసం ఎదురుచూడడం. లంకెబిందెల కథలు వింటూ పెరిగిన మనకు ఇది సహజంగానే తోస్తుంది. ఆ పెద్ద అంకెకు తగిన వస్తువులూ ఈ నేలలో ఉన్నాయి. నిజాం హాలీ సిక్కా రూపాయి పదకొండు గ్రాములకు పైగా తూగేది, అందులో నూటికి ఎనభై రెండు పాళ్ళ దాకా వెండి. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానంగా చెల్లేవి. గోండు, లంబాడా ఆడవాళ్ళ మెడలో హారాలై తరాలు దాటిన వెండి రూపాయలను ఇప్పటికీ జాతరల్లో చూడవచ్చు. అలాంటిదొకటి దొరికితే సంబరపడనివారు ఉండరు. ఆ సంబరాన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు.

అయితే వెండి మోత కోసమే చెవి ఒగ్గినవాడికి ఈ ప్రాంతపు అసలు చరిత్ర వినిపించదు. శాతవాహనులు బంగారు నాణేలు వేసిన దాఖలా లేదు. వెండివి తక్కువ. వాళ్ళ రోజువారీ బేరసారాలన్నీ సీసం, రాగి, రాగిలో తగరం సీసం కలిపిన పోటిన్ నాణేలతో నడిచాయి. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లో ఇరవై రెండు వేల దాకా శాతవాహన నాణేలు బయటపడ్డాయి. అలాంటి ఒక్క సీసపు నాణేన్ని పట్టుకుని చూస్తే విలువైన వస్తువన్న భావన ఎవరికీ కలగదు. తెల్లగా పొరగట్టి గులకరాయిలా ఉంటుంది. డిటెక్టర్ తెర మీద అది రేకు ముక్కల వరసలో చేరుతుంది. తీరా ఇంటికి తెచ్చాక చింతపండుతో తోమితే ఆ పొరతో పాటు మీది బ్రాహ్మీ అక్షరాలూ పోతాయి.

గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉన్న కోటిలింగాల కథ చెప్పుకోకుండా ఉండలేం. అక్కడి దిబ్బ మీద తేలిన నాణేలను సంగనభట్ల నరహరిశర్మ ఓపికగా ఏరి దాచారు. వాటిని చదివి లోకానికి చెప్పినవారు పరబ్రహ్మశాస్త్రి. ఆ తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహన వంశకర్తగా చెప్పే చిముక పేరున్న నాణేలతో శాతవాహనుల తొలి అడుగులు గోదావరి గట్టున పడ్డాయన్న వాదానికి బలం వచ్చింది. వాళ్ళకంటే ముందటివారుగా చాలామంది పండితులు భావిస్తున్న గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లయితే పురాణాల రాజవంశావళుల్లో వెతికినా దొరకవు. ఆ నాణేలే లేకపోతే ఆ మనుషులు ఏలిన సంగతే మనకు తెలిసేది కాదు. ఈ పేర్ల మీద, కాలాల మీద పండితుల మధ్య చర్చ ఇప్పటికీ ఉంది. చర్చ తేలడానికి కావలసింది ఇంకొన్ని నాణేలు మాత్రమే కాదు. ఒక్కొక్కటీ ఏ మట్టిపొరలో, ఏ రకం కుండపెంకుల పక్కన, ఏ నాణెం కింద ఉందో తెలియాలి. సంచిలో పోసుకుని తెచ్చిన నాణెం తన పేరు మాత్రం చెబుతుంది. ఎవరికి ముందో, ఎవరికి వెనకో చెప్పలేదు. ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపు అంచున పడ్డ కోటిలింగాలలో ఆ పొరలను ఎప్పటికైనా నిదానంగా చదువుకునే వీలుంటుందన్న ధీమా కూడా ఇప్పుడు లేదు.

ఇక మీట తిప్పి నోరు నొక్కేసే ఇనుము సంగతి. ఉత్తర తెలంగాణ గ్రామాల పక్కన చిట్టెం కుప్పలు ఎన్నో. ఇనుము కరిగించిన కొలుముల నుంచి మిగిలిన ఆ నల్లటి రాళ్ళను పిల్లలు ఆటకు విసురుకుంటారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారని, లాంబ్టన్ సర్వే బృందంతో తిరిగిన హెన్రీ వాయ్సీ రెండు శతాబ్దాల కిందటే రాసిపెట్టాడు. డమాస్కస్ కత్తులని ప్రపంచం మెచ్చుకున్నవాటికి ముడి ఉక్కు మన కమ్మరుల కొలుముల్లోనూ ఉడికింది. ఆ కొలిమి జాడ చెప్పేది చిట్టెం ముక్క. డిటెక్టర్ లెక్కలో దానికంటే తక్కువ వస్తువు లేదు. ఇంకో మాట. చెత్త ఇనుము పక్కనే నాణెం ఉందనుకోండి, ఇనుము నోరు నొక్కే మీట వేస్తే నాణెం గొంతు కూడా చాలాసార్లు పూడిపోతుంది. జనం బతికిన పాత ఊరిలో మేకు లేనిచోట నాణెం ఉండడం ఎలాగూ అరుదు.

ఉట్నూర్ చుట్టుపక్కల ఇనుముకు మరో గౌరవం కూడా ఉంది. గోండుల వంశదేవత పెర్సపేన్‌కు ప్రతీకలు ఇనుప బల్లెపు మొన, చామరం. వాటిని ఇళ్ళలో పెట్టుకోరు. ఊరి బయట చెట్టు చెంత భద్రపరచి, పూజ వేళల్లో తీస్తారని ఈ ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఉండి పరిశోధించిన హైమన్‌డార్ఫ్ వివరంగా రాశాడు. అడవి చట్టాలు బిగియక ముందు గోండు గూడేలు నేల సారం తగ్గినప్పుడు మరోచోటికి తరలిపోయేవి. వెళ్ళినవాళ్ళు ఇళ్ళు విడిచారు గాని దేవతలనూ పెద్దల గుర్తురాళ్ళనూ మరచిపోలేదు. పొదలు కమ్మిన ఆ పాత గూడెం బయటివాడికి ఉత్త బీడు. మేస్రం, ఆత్రం, కుమ్ర ఇంటిపేర్లవారికి అది తాతముత్తాతల చోటు. అక్కడ యంత్రం ఎంత తీయగా మోగినా గునపం దించకూడదు. ఈ ఒక్క విషయంలో మాకు ఏ సందేహమూ లేదు. ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో ప్రజల ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. తవ్వాలా వద్దా అన్న మాట మొదట ఆ సభలోనే అడగాలి.

సీసం మోత గురించి ఇంకొంచెం. జోడేఘాట్ కొండల్లో 1940లో నిజాం పోలీసుల తుపాకులకు కుమ్రం భీం, ఆయన సహచరులు నేలకొరిగారు. అలాంటిచోట నడిమి అంకె పలికితే అది పదిపైసలు చేయని తూటా ముక్క కావచ్చు. దాని విలువ అది పడి ఉన్న చోటులో ఉంది. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో కారుచిచ్చు రేగి గడ్డి కాలిపోయాక, మరుసటి ఏడు పురావస్తు శాస్త్రవేత్తలు మెటల్ డిటెక్టర్లతో వరసకట్టి నడిచారు. మోగినచోటల్లా జెండా పాతారు. ప్రతి తూటా, ప్రతి గుల్ల ఎక్కడ ఏ దిక్కుకు ఉందో పటం గీశాకే తీశారు. ఎవరు ఎక్కడ నిలబడి కాల్చారో, ఎటు జరిగారో ఆ పటమే చెప్పింది. గెలిచిన ఆదివాసీలు చెబుతూ వచ్చిన మాటలు అప్పటిదాకా చెవికెక్కనివాళ్ళకు అప్పుడు ఎక్కాయి. అదే యంత్రం, అదే మోత. తవ్వినవాళ్ళు కోరుకున్నది వేరు.

అసలేమీ మోగని చోట్లూ ఉన్నాయి. పాలమూరు వైపు మరో ఉట్నూరు ఉంది. అక్కడి బూడిద దిబ్బ ఏమిటో ఎన్నో ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వి చూస్తే పశువుల దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, పశువుల గిట్టల ముద్రలు కనిపించాయి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన కాపరుల మందదొడ్డి అది, పేడ కుప్పలు కాలగా కాలగా దిబ్బయింది. లోహం ఎరుగని మనుషుల జాడ కనుక డిటెక్టర్ అక్కడ రోజంతా ఊపినా పలకదు. మోగలేదు కదా అని మట్టి తోలుకుపోయే జేసీబీకి అలాంటి దిబ్బ ఎంతసేపటి పని?

వస్తువును లోహాన్ని బట్టి వెలకట్టే అలవాటు యంత్రానిదే అనుకుంటే పొరపాటు. మన 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. అసలు యజమాని తేలకపోతే దొరికినవాడికి మూడొంతులు, భూమి గలవాడికి ఒక వంతు అన్న న్యాయమూ అందులో ఉంది. కానీ ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే చెల్లించేది ముడిలోహం విలువ, దాని మీద ఐదో వంతు. బంగారానికి అది ఎంతో కొంత సొమ్ము. సీసపు నాణేనికి టీ ఖర్చు కూడా రాదు. రైతు ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరగాలి? తూకానికి అమ్ముకోవడమో, పారేయడమో, భయపడి మళ్ళీ పూడ్చడమో చేస్తాడు. ఆ రైతును దోషిగా చూడలేం.

ఇంగ్లండులో 1992లో ఒక రైతు పొలంలో పోగొట్టుకున్న సుత్తి వెతికిపెట్టడానికి ఎరిక్ లాస్ అనే విశ్రాంత ఉద్యోగి డిటెక్టర్ పట్టుకుని వెళ్ళాడు. సుత్తికి బదులు రోమన్ కాలపు బంగారు, వెండి నాణేలు తగిలాయి. కొన్ని తీశాక ఆయన తవ్వడం ఆపేసి అధికారులకు కబురు పెట్టాడు. శాస్త్రవేత్తలు వచ్చి తీయగా దాదాపు పదిహేను వేల నాణేలు, కొయ్యపెట్టె అవశేషాలు, దాని చిన్న తాళాలు, ఏది దేనిపక్కన సర్దారో తెలిపే అమరిక అంతా చెదరకుండా దొరికింది. సుత్తి కూడా దొరికింది. హోక్స్‌న్ నిధిగా పేరుపడ్డ ఆ సొమ్ముతో పాటు సుత్తీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ దేశం 1997 నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. నిధి కాని మామూలు వస్తువు దొరికినా, సీసమైనా ఇనుమైనా, తెచ్చి చూపిస్తే ఎక్కడ దొరికిందో రాసుకుని తిరిగి ఇచ్చేస్తారు. అలా నమోదైన వస్తువులు పది లక్షలు ఎప్పుడో దాటాయి. అక్కడ దొంగ తవ్వకాలు లేవని కాదు. చెప్పుకోవడానికి ఒక చోటు, వినే ఒక మనిషి ఉంటే చాలామంది చెబుతారని మాత్రం తేలింది.

మన పత్రికల్లో గుప్తనిధుల వార్తలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. పాడుబడ్డ గుడిలో నంది కింద గొయ్యి, పెకలించిన వీరగల్లు, అర్ధరాత్రి పూజలు, అరెస్టులు. పట్టుబడినవారి చేతికి చిక్కింది ఏమీ ఉండదు, పోయిన శిల్పం మాత్రం తిరిగి నిలబడదు. పోలీసు కేసులతోనే దీన్ని ఆపగలమనుకోవడం ఆశే. దొరికినవాటిని రాసుకునే అలాంటి పద్ధతిని గిరిజన ప్రాంతంలో మొదలుపెట్టడానికి ఉట్నూర్ కంటే తగిన చోటు లేదు. ఐటీడీఏ ఉంది, ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి, దేవతల చోట్లు ఎరిగిన పటేళ్ళు, ప్రధానులు ఉన్నారు. ప్రతి గ్రామ పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టవచ్చు: ఏం దొరికింది, ఏ చెల్కలో, ఎంత లోతున, పక్కన ఏముంది. వస్తువును కడగకుండా ఫోటో తీసి వారసత్వ శాఖకు పంపే పని ఒక ఉపాధ్యాయుడికి నేర్పవచ్చు. చూసి తిరిగి ఇవ్వదగ్గది తిరిగి ఇవ్వాలి, ఉంచుకోదగ్గదానికి లోహం తూకంతో కాక దాని ప్రాముఖ్యంతో వెల కట్టాలి, కనుగొన్నవాళ్ళ పేరు మ్యూజియం చీటీ మీద రాయాలి. సీసపు నాణేనికీ చిట్టెం ముక్కకూ అదే రిజిస్టరులో వెండి రూపాయితో సమానంగా ఒక వరస కేటాయించాలి. వచ్చే వానాకాలం దుక్కులకు ముందే ఈ రిజిస్టర్లు పంచాయతీలకు చేరితే, మొదటి వానకు తేలిన నాణేలకు చిరునామా ఉంటుంది.