గ్యాస్ లేని ఫ్లాట్‌లో వేడినీళ్లు: గీజర్ కంటే ముందు చూడాల్సినవి

చలికాలం వస్తే ఉత్తరాది నగరాల నుంచి ఒక వార్త తరచూ వినిపిస్తుంది. తలుపులు మూసిన బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ వెలుగుతుండగా కార్బన్ మోనాక్సైడ్ పీల్చి స్నానానికి వెళ్లినవారు చనిపోయారని. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. అంతా కరెంటుతోనే నడిచే ఫ్లాట్లలో ఈ ముప్పు ఉండదు. దేశం వాడే ఎల్పీజీలో దాదాపు 60 శాతం దిగుమతే కాబట్టి, వంటింటిని కరెంటు వైపు మళ్లించాలన్న చర్చ కూడా సాగుతోంది. అయితే గ్యాస్ పోయినంత మాత్రాన భద్రత దానంతటదే రాదు. నీళ్లూ కరెంటూ ఒకే పెట్టెలో కలిసి ఉండే పరికరం గీజర్.

ముందు ఏ రకం కొనాలో చూద్దాం. 3 లీటర్ల ‘ఇన్‌స్టంట్’ గీజర్ సాధారణంగా 3 కిలోవాట్లది. నిమిషానికి 3 లీటర్ల చొప్పున నీళ్లు పారితే అది పెంచగలిగేది 14 డిగ్రీలే. 20 డిగ్రీల నీళ్లు 34కు చేరతాయి, హైదరాబాద్‌లో స్నానానికి సరిపోతాయి. ఢిల్లీ చలిలో 12 డిగ్రీల నీళ్లు 26 దగ్గరే ఆగిపోతాయి. అక్కడ 15 లీటర్లో 25 లీటర్లో నిల్వ ఉంచే గీజరే మేలు. 15 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 0.6 యూనిట్ కరెంటు, 2 కిలోవాట్ల హీటర్‌తో 20 నిమిషాల సమయం చాలు. ఐఎస్ఐ గుర్తు, బీఈఈ స్టార్ లేబుల్ లేనిదాని జోలికి పోవద్దు. బకెట్లో వేసే హీటర్ రాడ్డు చవకే గానీ, నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపడం మరిచిపోతే ప్రాణానికే ప్రమాదం.

అసలు ప్రశ్న గోడ వెనుక ఉంది. 3 కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, విడిగా ఒక లైను, విడిగా ఒక ఎంసీబీ కావాలి. ఉదయం ఏడు గంటలకు రెండు 2 కిలోవాట్ల గీజర్లు, 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్, 1.5 కిలోవాట్ల కెటిల్ కలిసి నడిస్తే మొత్తం 7.5 కిలోవాట్లు, అంటే సుమారు 33 ఆంపియర్లు. 3 కిలోవాట్ల లోడ్ మంజూరైన ఇల్లు దీన్ని మోయలేదు. కొత్త గీజర్‌కు ముందు డిస్కమ్‌లో లోడ్ పెంచుకోవాలి.

ఇక చాలామంది పొరబడే విషయం: ఎంసీబీ ఉంటే చాలనుకోవడం. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్లకు పనిచేసే ఆర్‌సీసీబీ. గీజర్ కాయిల్ చిట్లి కరెంటు నీళ్లలోకి పాకినా ఎంసీబీ కదలకపోవచ్చు. ఆర్‌సీసీబీ మాత్రం క్షణంలో సరఫరా ఆపేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే, ఎర్తింగ్‌ను కాదు. పాత అపార్ట్‌మెంట్లలో ఎర్త్ వైరే లేక, దాన్ని న్యూట్రల్‌కు కలిపేసే ఎలక్ట్రీషియన్లూ ఉంటారు. అక్కడ న్యూట్రల్ తెగితే గీజర్ పైపొరే షాక్ కొడుతుంది. ఎర్తింగ్‌ను మీటర్ పెట్టి కొలిపించుకోవాలి.

మరొకటి పీడనం. నీటి ఎత్తు ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక బార్ చొప్పున పీడనం పెరుగుతుంది. కాబట్టి పై ట్యాంకు నుంచి నీళ్లు దిగే ఎత్తయిన టవర్లలో, మధ్యలో పీడనం తగ్గించే వాల్వులు లేకపోతే, ఎక్కువ ఒత్తిడి పడేది కింది అంతస్తుల గీజర్ల మీదే. 8 బార్లు తట్టుకునేదే ఎంచుకోవాలి. 15 లీటర్ల నీళ్లు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తాయి. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు కారేది అందుకే. అది లీకేజీ అనుకుని ప్లంబర్‌తో మూయించేస్తే, థర్మోస్టాట్ చెడిపోయిన రోజున ట్యాంకు పేలవచ్చు. బోరు నీళ్ల ఇళ్లలో కాయిల్‌కు పట్టే సున్నం పొరను, తుప్పు నుంచి ట్యాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీని ఏటా చూపించుకోవాలి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో ముందు చన్నీళ్లు తిప్పి, తర్వాత వేడినీళ్లు కలపాలి.

హీట్ పంపులు దాదాపు మూడో వంతు కరెంటుతోనే ఇదే పని చేస్తాయి. ధర, స్థలం దృష్ట్యా అవి విడి ఫ్లాటు కంటే అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉమ్మడిగా పెట్టుకోవడానికి అనువైనవి.

ఈ బాధ్యత కొనేవారి ఒక్కరిదే కాదు. రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ, పనితనం, నాణ్యత, సేవల లోపాలను బిల్డరే ఉచితంగా సరిచేయాలి. ఎర్తింగ్ లేకపోవడం, వైరు పలచగా ఉండడం అలాంటివే. అద్దెకుండేవారికి ఈ హక్కు నేరుగా లేదు. గీజర్ యజమానిది, గోడ యజమానిది, షాక్ మాత్రం అద్దెదారుది. అందుకే అద్దె ఒప్పందంలో ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ పరీక్ష ఉండాలని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. కొన్ని వేల రూపాయల్లో అయిపోయే పని అది.